గొట్టం మీది పేరు

పెట్టె మూత తీయగానే పాత వాసన కొట్టింది. నూనె, ఇనుము, కొంచెం తుప్పు, ఎప్పుడో కాలి ఆరిన మందు. మా నాన్న కొలిమి పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి మొదటి మూడూ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాలుగోది కొత్త.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దావిడ, రిటైరైన స్కూలు టీచరు, ఆ పెట్టె తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టారు. భర్త పోయాక అటక సర్దుతుంటే దొరికిందట. పోలీసులకు చెప్పి, తుపాకుల వ్యాపారికి చూపించి, ఇది పాతకాలపు వస్తువు, అలంకారంగా ఉంచుకుంటే లైసెన్సు అక్కర్లేదని తేల్చుకున్నాకే తెచ్చారు. అమ్మేయాలని ఆవిడ ఉద్దేశం. వేలం వేసేవాళ్లు అడిగినవి రెండే సంగతులు: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు. "మీ నాన్నగారు ఇనుముతో పనిచేసినవారు కదా, ఒకసారి చూస్తారా?" అని మా అమ్మాయిని అడిగారు.

నేను ముప్పై నాలుగేళ్లు టూల్‌రూమ్‌లో పనిచేశాను. మా నాన్న గోదావరి పక్క పల్లెలో కమ్మరి. కర్రుకు పదును, కొడవలికి కక్కు, బండి చక్రానికి ఇనప పట్టా, ఇవీ ఆయన పనులు. తుపాకిని చేతిలోకి తీసుకోవడం నాకు అదే మొదలు. పచ్చటి ఉన్నిగుడ్డ పరిచిన గళ్లలో ఒక రివాల్వర్, మందు పోసుకునే రాగి సీసా, చిన్న నూనె బుడ్డి, క్యాపుల డబ్బా, గుండ్లు పోసుకునే అచ్చు. దేని గడి దానిదే. రివాల్వర్‌కు ఐదు గదులు, ఆరు కాదు. పిడి గళ్లగళ్లుగా చెక్కిన అక్రోటు కర్ర. ట్రిగ్గర్లు రెండు, ఒకదాని కింద ఒకటి, కిందిది కాపు కమ్మీలోంచి బయటికి దిగి ఉంది. పిడిని అరచేతిలో ఆనిస్తే వేళ్లు వాటంతట అవే వాటి చోట్లకు వెళ్లిపోయాయి. చేసినవాడు చెయ్యి అంటే ఏమిటో తెలిసినవాడని ఆ క్షణంలోనే అర్థమైంది. ఎవరతను?

ముందు కనపడేది పైపట్టీ మీద చెక్కిన పేరు. అందమైన వాలు అక్షరాలు. వ్యక్తి పేరు ఉండవలసిన చోట సగం అరిగిపోయింది, చివర 'కలకత్తా' అన్న మాట మాత్రం నిన్న చెక్కినట్టుంది. పాత బ్రిటిష్ రివాల్వర్ చేతికొచ్చిన ప్రతివాడూ చేసే మొదటి పొరపాటు ఆ పేరే తయారుచేసినవాడి పేరనుకోవడం. చీర అంచు మీద దుకాణం ముద్ర చూసి నేసినవాడి పేరనుకోవడం లాంటిది అది. పందొమ్మిదో శతాబ్దంలో లండన్, డబ్లిన్, కలకత్తా, మద్రాసు దుకాణాలవాళ్లు బర్మింగ్‌హామ్ నుంచి తుపాకులు తెప్పించుకుని పైన తమ పేరు చెక్కించుకునేవారు. అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో అధికారులు తమ రివాల్వర్ తామే సొంత డబ్బుతో కొనుక్కోవలసి వచ్చేది. కాబట్టి దుకాణాలకు బేరం బాగా ఉండేది. 1871లో సైనికాధికారులు లండన్‌లో పెట్టుకున్న ఆర్మీ అండ్ నేవీ సహకార సంఘం పేరు వెబ్లీ అనే తుపాకుల కంపెనీ రివాల్వర్లు ఎన్నిటి మీదనో కనపడుతుంది. ఆ సంఘం బొంబాయిలో 1891లో, కలకత్తాలో 1901లో కొట్లు తెరిచింది. వాళ్లు అక్కడ ఒక్క మర కూడా బిగించలేదు, అమ్మారు అంతే.

అయినా ఆ పేరు పనికిరానిది కాదు. కొన్ని పేర్లు వాటి కాలాన్ని గట్టిగా పట్టి చూపిస్తాయి. 'డీన్, ఆడమ్స్ అండ్ డీన్' అని లండన్ బ్రిడ్జి దగ్గరి కింగ్ విలియం వీధి చిరునామాతో ఉంటే 1851, 1856 మధ్యది. ఆ తరవాత ఆడమ్స్ భాగస్వామ్యం వదిలి లండన్ ఆర్మరీ కంపెనీకి వెళ్లిపోయాడు. ఒట్టి 'వెబ్లీ అండ్ సన్' అని ఉంటే 1897కు ముందుది. ఆ ఏడాది వెబ్లీవాళ్లు స్కాట్ కంపెనీతో కలిసిపోయారు, 1906లో పేరు కుదించి 'వెబ్లీ అండ్ స్కాట్' అయ్యారు. దుకాణం వీధి మారితే గొట్టం మీద చిరునామా మారుతుంది. అప్పటి ఊరి డైరెక్టరీల్లో ఏ దుకాణం ఏ ఏడు ఏ నంబరు ఇంట్లో ఉందో ఉంటుంది. ఒక తలుపు నంబరు పట్టుకుని తుపాకి వయసు చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ పద్ధతి మీద గౌరవం కలిగింది.

మరి ఆ సగం పేరు ఎందుకు చెరిగింది? తుప్పు తిన్న గుర్తు లేదు. పట్టీ అంచులు కూడా నున్నగా వంపు తిరిగాయి. ఏళ్ల తరబడి ఎవరో పొడి పెట్టి తోమి మెరిపించారు. నా మనసులో కలకత్తా బంగళా వరండాలో కూర్చుని దొరగారి సామాను తుడుస్తున్న ఒక పనివాడు మెదిలాడు. ఇది నా ఊహే. కానీ అరుగుదల అబద్ధం కాదు, అది ఎవరిదో ఒకరి చెయ్యి. పాత తుపాకులకు తుప్పు చేసే హాని కన్నా మెరుగు చేసే హాని ఎక్కువని తెలిసినవాళ్లందరూ చెబుతారు. ఇసక కాగితం, తీగ పీచు తగిలాయంటే ముద్రలు పోతాయి, ముద్రలతో పాటు వివరం పోతుంది. పక్కింటావిడకు నేను చెప్పిన మొదటి మాట అదే: మెత్తటి గుడ్డ, ఒక చుక్క నూనె, ఇంకేమీ వద్దు.

రెండో పేరు చిన్నది. చట్రం పక్కన 'డబ్ల్యూ. ట్రాంటర్స్ పేటెంట్' అని, ఇంకోచోట వరుస సంఖ్య, దాని చివర 'టీ' అక్షరం. రెండు ట్రిగ్గర్ల వింత అప్పుడు విడిపోయింది. విలియం ట్రాంటర్ బర్మింగ్‌హామ్ మనిషి. 1853లో ఈ అమరికకు పేటెంటు తీసుకున్నాడు.

అసలు కథ రెండేళ్ల ముందు మొదలైంది. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజుతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అమెరికా నుంచి శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లు తెచ్చి పెట్టాడు. యంత్రాల మీద చేసినవి, ఒకదాని ముక్క ఇంకోదానికి అమరుతుందన్నది ఆయన గొప్ప. దానికి పోటీగా ఇంగ్లండ్ తరఫున రాబర్ట్ ఆడమ్స్ తన కొత్త రివాల్వర్ పెట్టాడు. కోల్ట్‌ది పైన పట్టీ లేని చట్రం, ఆడమ్స్‌ది గొట్టమూ చట్రమూ ఒకే ముక్కగా సాగగొట్టినది. ఈ సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకే దిమ్మలోంచి గొట్టం, పైపట్టీ, అడుగు అన్నీ తీయడమంటే కొలిమి దగ్గర ఎంత పనో, ఆ తరవాత ఆకురాయితో ఎన్ని పూటలో నాకు తెలుసు. కోల్ట్‌ది పేలాక ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాలి. ఆడమ్స్‌ది ట్రిగ్గర్ ఒక్కటి నొక్కితే సుత్తి దానంతటదే లేచి పడుతుంది. వేగం ఉంది, కానీ అంత గట్టిగా లాగాలి కాబట్టి గురి చెదురుతుంది. ట్రాంటర్ చేసింది ఆ రెండింటి మధ్య దారి. మధ్యవేలితో కింది ట్రిగ్గర్ లాగితే గదులు తిరిగి సుత్తి లేచి నిలబడుతుంది. చూపుడువేలితో పైది తాకితే చాలు, పడుతుంది. తొందరలో రెండూ కలిపి లాగవచ్చు. తీరిక ఉంటే ఒకదాని తరవాత ఒకటి. ఖాళీ గదులతో మెల్లగా ఒక్కసారి లాగి చూశాను. నూట అరవై ఏళ్లు దాటినా గదులు తిరిగి సరిగ్గా చోటులో ఆగాయి, వెంట్రుక వాసి ఆట లేదు. ఆ 'టిక్కు' చెవిన పడగానే నా వృత్తిలో నేను వినాలని ఆశపడే చప్పుడు అదేనని ఒప్పుకోక తప్పలేదు.

కానీ పేటెంటు పేరు ఆలోచన ఎవరిదో చెబుతుంది, చెయ్యి ఎవరిదో చెప్పదు. ట్రాంటర్ మొదట్లో ఆడమ్స్ చట్రాన్నే అనుమతి మీద వాడుకున్నాడు. ఆడమ్స్ నమూనాను ఇంకా కొందరు చేశారు. ఇక ఇనుము మీద రాసిన మాటే అబద్ధమైన సందర్భాలున్నాయి. 1872లో వెబ్లీవాళ్లు జేబులో పట్టే పొట్టి రివాల్వర్ ఒకటి తెచ్చి 'బ్రిటిష్ బుల్‌డాగ్' అన్నారు. అది ఎంత పేరు పడిందంటే బెల్జియంలోనూ అమెరికాలోనూ అవే అక్షరాలతో వేలకు వేలు నకళ్లు పుట్టాయి. 'బ్రిటిష్' అని పెద్దగా రాసి ఉన్న రివాల్వర్ గదుల మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో 'ఈ ఎల్ జీ' అక్షరాలు, కింద నక్షత్రం కనపడితే అది లియేజ్ ఊరి పరీక్ష ముద్ర. తుపాకి బెల్జియంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినది బుల్‌డాగే. ఆ తుపాకి తరవాత కనపడకుండా పోయింది, ఫోటో మిగిలింది.

అందుకే తెలిసినవాళ్లు పెద్ద అక్షరాలు వదిలేసి చిన్న ముద్రలు వెతుకుతారు. భూతద్దం పెట్టి గదుల చుట్టూ తిప్పి చూస్తే ప్రతి గది మీదా ఒక ముద్ర దొరికింది: కిరీటం, కింద అడ్డంగా పెనవేసిన రెండు రాజదండాలు, సందుల్లో 'బీ పీ సీ' అక్షరాలు. గొట్టం మీద అలాంటిదే ఇంకోటి, అందులో 'వీ'. ఇవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్, అంటే తుపాకుల పరీక్షాలయం, కొట్టే ముద్రలు. లండన్‌లో గన్‌మేకర్ల సంఘానికి 1637లో రాజు పట్టా ఇచ్చాడు. వాళ్ల ముద్ర కిరీటం కింద పెనవేసిన 'జీ పీ'. బర్మింగ్‌హామ్ వాళ్లకు 1813లో పార్లమెంటు చట్టంతో సొంత పరీక్షాలయం వచ్చింది. రాజదండాల ముద్ర 1904 దాకా నడిచింది, ఆ ఏడాది కిరీటం కింద 'బీ పీ', 'బీ వీ' అని సాదా ముద్రలు వచ్చాయి. అంటే ఈ రెండు గీతలు చూస్తే చాలు, 1813కు తరవాత, 1904కు ముందు అని ఒక గడప ఇటు, ఒక గడప అటు పడిపోతుంది.

బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ఇంకా ఉంది. బాన్‌బరీ వీధిలో, కాలవకు దగ్గరగా, ఎర్ర ఇటుకల భవనం, ద్వారం మీద ఆయుధాలు గుత్తిగా చెక్కిన శిల్పం. ఇప్పటికీ అక్కడ తుపాకులు పరీక్షిస్తారు. మా అల్లుడు కారులో తీసుకెళితే గేటు ముందు నిలబడి చూశాను. లోపల జరిగేది సూటి పని. గొట్టంలో, ప్రతి గదిలో, మామూలుగా వేసే మందు కన్నా ఎక్కువ దట్టించి పేలుస్తారు. పగలకపోతే, బీట వారకపోతే, ఉబ్బకపోతే, ఒకరు పరిశీలించి ముద్ర కొడతారు. ముద్ర లేనిది అమ్మితే నేరం, దొంగ ముద్ర కొడితే ఇంకా పెద్ద నేరం. ఐదు గదులంటే ఐదుసార్లు నమ్మకం పుట్టాలన్నమాట. కమ్మరి కొడుకుగా నాకు ఆ కట్టుబాటు నచ్చింది. మా నాన్న కూడా కొత్త గునపాన్ని ఇచ్చే ముందు రాతి మీద మూడు దెబ్బలు వేసి గాని ఇచ్చేవాడు కాదు.

గేటు ముందు నిలబడి ఉండగానే ఇంకో సంగతి తోచింది. ఈ పరీక్ష, ఈ చట్టం, ఈ కిరీటం, అంతా తుపాకి పట్టుకున్నవాడి చెయ్యి క్షేమం కోసం. అది అతని చేతిలో పగలకూడదు. రెండువందల ఏళ్లకు పైగా ఒక ఊరు ఆ ఒక్క పూచీ కోసం ఇంత శ్రద్ధ పెట్టింది. ఆ శ్రద్ధ నిజమైనదే. గొట్టానికి రెండో కొస ఉందన్న సంగతి మాత్రం ఏ ముద్రలోనూ లేదు.

వయసు ఇంకా దగ్గరగా పట్టించినది ఒక చిన్న మీట. ఈ రకానికి తూటాలుండవు. ప్రతి గదిలో ముందు వైపు నుంచి మందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి గట్టిగా కూరాలి, వెనక ముక్కు మీద రాగి క్యాపు తొడగాలి. ఆ కూరే మీట ట్రాంటర్ తొలి రివాల్వర్లకు విడిగా పెట్టెలో ఉండేది. తరవాత చట్రం మీది మేకుకు తగిలించి తీసేసేదిగా మారింది. ఆ తరవాత మరతో శాశ్వతంగా బిగించేశారు. యుద్ధంలో విడి మీట పారేసుకున్నవాడి గతి ఏమిటో ఆలోచిస్తే ఈ మార్పు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. నా చేతిలో ఉన్నదానికి మర బిగింపు ఉంది. అంటే 1856 ప్రాంతానికి ముందుది కాదు. ఇక 1860ల చివరికొచ్చేసరికి ఇత్తడి తూటాలు వచ్చి ఈ పద్ధతినే పక్కకు నెట్టేశాయి. 1868లో ఐరిష్ పోలీసులు వెబ్లీ తూటా రివాల్వర్ తీసుకున్నారు. కాబట్టి ఈ రెండు తలుపుల మధ్య ఆ పదేళ్లూ. వేలం వాళ్లు ఒక్క ఏడాది చెప్పమంటారు, ఇనుము ఒక పదేళ్లే చెబుతుంది. నిజాయితీగా రాస్తే అంతే రాయాలి.

ఇంకా లోపలికి వెళ్లాలనిపించింది. ఆవిడ అనుమతి అడిగి, మర గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ అరగదీసి తయారుచేసుకుని, పిడి విప్పాను. లోపల ఎవరూ చూడని ముఖాల మీద ఆకురాయి గీతలు కనపడ్డాయి. పైన నీటి అద్దంలా మెరిసే ముక్క లోపల మామూలు మనిషి చేతి పనిలా ఉంది, వాలుగా, సమంగా, ఒకే లయతో. సుత్తి పక్కన ఉలితో పెట్టిన మూడు చిన్న గాట్లు. ట్రిగ్గర్ మీద అవే మూడు. స్ప్రింగు మడమ మీద అవే మూడు. ఇవి ఒకదానికొకటి అరగదీసి కూర్చిన ముక్కలు, ఇంకో తుపాకి ముక్కలతో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తులు. ఆ కాలంలో బర్మింగ్‌హామ్ తుపాకుల పేట అంతా సెయింట్ మేరీ గుడి చుట్టూ నాలుగైదు వీధులు. గొట్టం తొలిచేవాడు ఒకడు, తాళం అరగదీసేవాడు ఒకడు, కర్ర చెక్కేవాడు, పూలు చెక్కేవాడు, రంగు పట్టించేవాడు, మెరుగు పెట్టేవాడు, ఒక్కొక్కరిది ఒక్కో కొట్టు. ముక్కలు పిల్లల చేతుల్లో వీధి దాటి వెళ్లేవి. 'ఎవరు చేశారు' అన్న ప్రశ్నకు అచ్చమైన జవాబు ఆ పేట అంతా. వాళ్లలో ఒక్కడి సంతకమే నా చేతిలో ఉంది, మూడు గాట్లు.

మా నాన్న కూడా దేని మీదా పేరు కొట్టలేదు. అవసరం లేకపోయింది. కొడవలి ఎవరిదో పిడి చూసి ఊరంతా చెప్పేవాళ్లు, చేసినవాడు ఎవరో ఊళ్లో ఒక్కడే. ఎడమచేతి వాటం ఆవిడకు కక్కు తిప్పి కొట్టేవాడు, పొట్టిగా ఉన్న మనిషికి పారకర్ర కురచ చేసేవాడు. తయారయ్యేటప్పుడే ఆ వస్తువు ఎవరి చేతికి వెళుతుందో, ఏ చేలో దిగుతుందో ఆయనకు తెలుసు. మూడు గాట్ల మనిషికి ఆ రెండూ తెలిసే వీలు లేదు. కలకత్తా అన్న మాట చెక్కేనాటికి ఆ సుత్తి అతని కొట్టు దాటిపోయి ఉంటుంది.

ఇక మిగిలింది కొలత. పట్టీ మీద ఏమీ లేదు, వెర్నియర్‌తో గొట్టం మూతి కొలిస్తే 11.2 మిల్లీమీటర్లు. ఆ కాలపు భాషలో 54 బోరు. మన పల్లెల్లో పన్నెండు బోరు తుపాకి అంటే తెలియనివాళ్లు తక్కువ, ఆ పన్నెండు ఏమిటో తెలిసినవాళ్లు అంతకన్నా తక్కువ. ఒక పౌను సీసం తీసుకుని సమానంగా ఎన్ని గుండ్లు పోస్తే ఒక్కొక్కటి ఆ గొట్టంలో సరిగ్గా పడుతుందో అదే బోరు. పన్నెండు పోస్తే పెద్దవి, యాభై నాలుగు పోస్తే చిన్నవి. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది. ట్రాంటర్ రివాల్వర్లు 38, 54, 80, 120 బోర్లలో వచ్చేవి. నేను కాగితం మీద లెక్క వేశాను. పౌను 453.6 గ్రాములు, తులం 11.66. ముప్పై ఎనిమిది బోరు గుండు దాదాపు సరిగ్గా తులం. యాభై నాలుగుది ముప్పాతిక తులానికి కాస్త తక్కువ. ఎనభైది అర తులం. నూట ఇరవైది తులంలో మూడో వంతు. బంగారం కొట్టులో నగలు తూచే కొలతల్లోకి ఆ సీసం ఇంత చక్కగా ఒదిగిపోతుందని నేననుకోలేదు. ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టేశాను.

ఎందుకంటే అంతదాకా వెతికిన గుర్తులన్నీ తుపాకి ఇవతలి కొసవి: అమ్మినవాడు, ఆలోచించినవాడు, పరీక్షించినవాడు, అరగదీసినవాడు. ఈ ఒక్క అంకె మాత్రం అవతలి మనిషిని చూసి వేసినది. బ్రిటిష్ రివాల్వర్లు అంత లావు గుండు ఎందుకు పట్టుకున్నాయని పుస్తకాల్లో వెతికితే మళ్లీ మళ్లీ ఒక కథ ఎదురవుతుంది. 1857 తిరుగుబాటులో ఒక ఇంగ్లీషు అధికారి, గురిలో తనకు సాటి లేదనుకున్నవాడు, కోల్ట్ నేవీ రివాల్వర్ పట్టుకుని ఉన్నాడు. దాని గుండు చిన్నది. కత్తి దూసి మీదికొస్తున్న ఒక సిపాయి మీద ఉన్న గుండ్లన్నీ దగ్గరి నుంచే కాల్చాడు. గుండ్లు తగిలాయి. సిపాయి ఆగలేదు, కత్తి దించాడు, అధికారి పడిపోయాడు. ఈ కథ చెప్పినవాళ్లు దానిలోంచి తీసుకున్నది చిన్న గుండు చాలదన్న సంగతి. నాకు మాత్రం ఆ మనిషి మిగిలిపోయాడు. ఒంట్లో అన్ని గుండ్లు దిగాక కూడా అడుగు ముందుకు వేసినవాడికి ఆ పుస్తకాల్లో ఊరు లేదు, పేరు లేదు. కోల్ట్ పేరుంది, బోరుకు అంకె ఉంది. అతను మిగిలింది ఆ అంకెలోనే.

ఆ లెక్క అక్కడితో ఆగలేదు. బ్రిటిష్ సైన్యానికి 1887లో వెబ్లీ పాయింట్ 455 రివాల్వర్ వచ్చింది. 1898లో ఆ రివాల్వర్ కోసం ముందు భాగం గుల్లగా ఉండి ఒంట్లో విచ్చుకునే గుండు తెచ్చి 'మ్యాన్‌స్టాపర్' అని పిలుచుకున్నారు, మనిషిని ఆపేది అని. మరుసటి ఏడు హేగ్ నగరంలో దేశాలు కూడి విచ్చుకునే గుండ్లు నిషేధిద్దామన్నప్పుడు బ్రిటన్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా అడ్డు చెప్పాడు. నాగరికులైన సైనికులు గాయపడితే ఆగిపోతారు, అనాగరికులు ఆగరు కాబట్టి వాళ్లకు అలాంటి గుండే కావాలన్నది ఆయన వాదం సారాంశం. ఆ 'అనాగరికులు' ఎవరో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా ముత్తాతల కాలంలో ఆ మాట కిందికి మా ఊరు కూడా వచ్చేది.

అవతలి కొస మనిషి తన పేరు తనే రాసుకున్న సందర్భం ఒకటి మన కొండల్లో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. మొత్తం మీద 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు తీసుకెళ్లాడు. తీసుకెళ్లే ముందు స్టేషను డైరీలో ఏవి ఎన్ని తీసుకున్నదీ రాసి సంతకం పెట్టాడు. చిన్నప్పుడు ఈ సంగతి విన్నప్పుడు ధైర్యం అనుకున్నాను. ఇప్పుడు ఈ బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తే, ఆయుధాల లెక్కల పుస్తకంలో అలాంటి సంతకం నాకు తెలిసి అదొక్కటే. దొర పేరు, దుకాణం పేరు, పేటెంటు పేరు ఉండే చోట ఆ తుపాకుల గొట్టాలకు ఎదురు నిలబడే మనిషి పేరు, స్వదస్తూరీతో.

నాలుగో రోజు సాయంత్రం పక్కింటావిడ టీ తాగడానికి వచ్చారు. చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నారు. తన భర్త తాతగారు ఇండియాలో రైల్వేలో చేశారని, అంతకు మించి ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పారు. "అయితే ఇది ఎవరినైనా చంపి ఉంటుందంటారా?" అని అడిగి, అడిగినందుకు నొచ్చుకున్నట్టు కిటికీ వైపు చూశారు. తుపాకిలో దానికి గుర్తు ఉండదని చెప్పాను. నిజమే చెప్పాను. గదుల అంచుల మీద మందు తిన్న గుంటలున్నాయి, అవి చెట్టు మీద గురి చూసుకున్నా పడతాయి.

ఆవిడ వెళ్లాక కాగితం రాయడం మొదలుపెట్టాను. రెండు ట్రిగ్గర్ల రివాల్వర్, ఐదు గదులు, విలియం ట్రాంటర్ పేటెంటు, బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్రలు, మీట మరతో బిగించిన రకం, 1856 ప్రాంతం నుంచి 1860ల నడుమ దాకా, అమ్మినది కలకత్తా దుకాణం, పేరు అరిగినది. ముక్కల మీద మూడు గాట్లు, కూర్చినవాడివి. ఈ చివరిది వేలం వాళ్లకు అక్కర్లేదు, అయినా రాశాను.

తరవాత పెట్టెలోని మిగతా సామాను ఒక్కొక్కటే తీసి చూశాను. నూనె బుడ్డి ఎండిపోయింది. క్యాపుల డబ్బా ఖాళీ. అచ్చు ఇనపది, పట్టకారులాంటిది, రెండు గుండ్లు ఒక్కసారి పడేలా రెండు గుంటలు, పక్కన 54 అని కొట్టి ఉంది. ఇలాంటిది నాకు తెలుసు, వలకు కట్టే సీసపు గుండ్లు మా నాన్న ఇలాగే పోసేవాడు. కొత్త అచ్చు గుంట శుభ్రంగా మెరుస్తుంది. కరిగిన సీసం పదే పదే తగిలితే ఆ మెరుపు పోయి బూడిద రంగు పొర పడుతుంది, పోసే దారి అంచున సీసపు పెచ్చు అంటుకుని ఉండిపోతుంది. అచ్చు తెరిచి దీపం కిందికి తెచ్చాను. రెండు గుంటలూ బూడిద రంగులో ఉన్నాయి. అంచున గోటికి తగిలే పెచ్చు.

కాగితం మళ్లీ తీసి కింద ఇంకో వరుస చేర్చాను: గుండ్ల అచ్చు ఒకటి, 54 బోరు, చాలాసార్లు వాడినది.